పిట్టలు వదిలిన కంకులు

కాకను సమాధుల తోటకు తీసుకుపోయిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సెలవు అడిగితే ఇచ్చేవారే. నేను అడగలేదు. మధ్యాహ్నం మా గనిలో బ్లాస్టింగ్ జరిగే వేళకు అక్కడ ప్రార్థన నడుస్తోందట. పాస్టర్ గారు వాక్యం మధ్యలో ఆపి, చప్పుడు అయిపోయే దాకా కళ్ళు మూసుకుని నిలబడి, మళ్ళీ ఆపిన చోటు నుంచే మొదలుపెట్టారట. ఈ సంగతి నాకు కాక భార్య చెప్పింది. ఆమెను నేను చిన్నమ్మ అంటాను. మూడో రోజు వాళ్ళ ఇంటికి వెళ్ళి గడప దగ్గర నిలబడితే, చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది.

“నువ్వు రాకున్నా నీ సప్పుడొచ్చింది తియ్యి. లోపలికి రా.”

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. నాకు అదే ఎక్కువ తగిలింది.

నాది గోదావరిఖని దగ్గర ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ సెక్షన్. బండ ఎంత గట్టిది, రంధ్రం ఎంత లోతు, ఎంత దూరానికొకటి, ఒక్కోదానిలో ఎంత మందు కూరాలి అన్న లెక్క చూస్తాను. బడి చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. మిగతా లెక్కలు పనిలో కొన్ని, పాత పుస్తకాలు కొని కొన్ని నేర్చుకున్నాను. కాక నాకు వరుసకు ఏమీ కాడు. మా కాలనీ చివరి లైనులో ఉండేవాడు. పేరు రాయను. పేరు పెట్టి ఆయనను పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అందరికీ కాకే. నన్ను ఆయన పిలిచింది మాత్రం “లెక్కలోడా” అని.

ఆయనను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ముఖం కాదు, కుడి చెయ్యి. ఏ జొన్నచేను పక్క నుంచి నడిచినా, తెల్ల కంకుల మధ్య ఒక్క ఎర్ర కంకి కనిపిస్తే చాలు, ఆ చెయ్యి దానంతట అదే ముందుకు పోయేది, మొక్కను మొదట్లో పట్టుకుని లాగడానికి. సగం దూరంలో ఆగేది. అప్పుడు కాక ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసి మెల్లగా వెనక్కి తీసుకునేవాడు. ఒకసారి మందమర్రికి బస్సులో పోతున్నప్పుడు కిటికీ అవతల చేలు కనిపిస్తుంటే కూడా ఆ వేళ్ళు ముడుచుకోవడం చూశాను.

ఆ అలవాటు ఉద్యోగం వల్ల వచ్చింది. వేరే జిల్లాలో ఒక విత్తన క్షేత్రంలో ఫీల్డ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. తెల్లగా, పెద్ద గింజతో, మెత్తటి రొట్టె అయ్యే జొన్న తియ్యడం అక్కడి పని. అందరూ అడిగింది అదే కాబట్టి అందులో తప్పేమీ లేదు. విత్తనపు మడిలో రంగు తేడా ఉన్న మొక్కను బెరకు అంటారు. బెరకు కనిపిస్తే పీకి గట్టు మీద పడెయ్యాలి. ఎన్నో ఏళ్ళు ఆ పని చేసింది కాక చేతులే.

“ఎన్ని పీకిననో నీ లెక్కకు గుడ అందది లెక్కలోడా,” అనేవాడు. “ఆ ఎర్రదాంట్లనే ఉండె అసలు బలం. పొట్టు కింద సన్నగ ఎర్ర పొర ఉంటది సూడు, గదే వగరు. గా వగరున్న రొట్టె తింటే కడుపుల నిమ్మళంగ అరుగుతది. నెత్తుర్ల చక్కెర జల్ది ఎక్కది. తెలువక పీకిన. తెలిసినంక గుడ పీకిన. డ్యూటీ గద.”

“నువ్వు పీకకుంటే ఇంకొకలు పీకుదురు కాక,” అన్నాను ఒకసారి.

“ఇంకొకల ఇంట్ల సంగతి నాకెందుకు. నా ఇంట్లనే ఉన్నది గద షుగర్.”

అది చిన్నమ్మ గురించి. ఆయన రిటైరై వచ్చేసరికి ఆమెకు షుగర్ ముదిరి, కాలి బొటనవేలు తీసేశారు. జొన్నరొట్టె తినమని దవాఖానలో చెబితే ఆమె పిండి తెప్పించి రొట్టె చేసుకుంది. తెల్లగా, మెత్తగా, అచ్చం కాక చేతుల మీదుగా వచ్చిన జొన్న. ఆ పూట ఆయన తినకుండా లేచి చేను వైపు పోయాడట.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే పని. వగరు నిండిన పాత ఎర్రజొన్నను, మెత్తటి తెల్లజొన్నను కలిపి, ఆ ఎర్ర పొర పోకుండా, రొట్టె మాత్రం తినేలా ఉండే కొత్త జొన్న తియ్యాలి. చిన్నమ్మ బతికి ఉండగా అది ఆమె కంచంలో పడాలి.

చేను చిన్నమ్మ పుట్టింటి వాళ్ళు ఇచ్చింది, ఇరవై గుంటలు. ఒక పక్కన మా గని నుంచి తీసిపోసిన మట్టి గుట్ట, ఇంకో పక్కన వేపచెట్ల వరుస, వాటి వెనక ఊరు. యాసంగిలో చుట్టూ అందరూ మంచె ఎక్కి వడిసెల తిప్పుతుంటే, కాక చేనులో మాత్రం పిట్టలను కొట్టేవాళ్ళు ఉండరు. కొట్టనివ్వడు. పక్క చేను రైతు గట్టు మీద నిలబడి అడిగేవాడు.

“ఏం కాక, సుట్టాలు దిగినట్టున్నరు చేన్ల?”

“అవు. తిని ఎట్లున్నదో చెప్తున్నరు.”

“ఏమంటున్నరు?”

“నీ చేను తియ్యగున్నదట, గటు పోతమంటున్నరు.”

ఆయన పద్ధతి ఇది. వగరు ఎక్కువ ఉన్న కంకిని పిట్ట ముట్టదు, తియ్యటిది వదలదు. గింజను బ్లీచింగ్ నీళ్ళలో వేస్తే ఎర్ర పొర ఉన్నది నల్లబడుతుంది, కానీ అది ఉందో లేదో చెబుతుంది తప్ప ఎంత ఉందో చెప్పదు. ఒక్కో కంకినీ పట్నంలో లాబుకు పంపడం మాలాంటివాళ్ళకు అయ్యే పని కాదు. నాలుకతో చూద్దామంటే ఆయనది తంబాకు నాలుక. “దీన్ని నమ్మకు,” అని నాలుక బయటపెట్టి చూపించేవాడు. “ఇది ఎప్పుడో సచ్చింది. పిట్టను నమ్ము.” అందుకని పిట్టలు వదిలిన వరుసల నుంచే మరుసటి ఏడుకు విత్తనం కట్టేవాడు.

చిన్నమ్మకు ఈ పద్ధతి మొదటి నుంచీ నచ్చలేదు.

“పిట్టలు ఒద్దన్నది నాకు పెడ్తవా?”

“నీకు షుగరున్నది, పిట్టకు లేదు.”

“తినేది నేనైతే ఏరుడు పిట్టలు ఏరుడేంది? నాకు నోరు లేదా?”

“నోరున్నది కాబట్టే అడుగుతలేను,” అనేవాడు కాక. ఆమె నవ్వకుండా ఉండాలని చూసేది. కుదిరేది కాదు.

నేను ఇందులో పడింది లెక్క కోసం. పంట కోతకొచ్చే ముందు కాక నన్ను చేనుకు తీసుకుపోయేవాడు. వరుసకు కొన్ని కంకులు చూసి, నూటికి ఎన్ని గింజలు పోయాయో అంచనా కట్టి, సగటు తీసి చెప్పేవాణ్ణి. ఆయన ఒక చిన్న స్టూలు మీద కూర్చుని వినేవాడు. కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు.

“గుట్ట దిక్కు మొదటి వరుస?”

“నూటికి నాలుగు పోయినయి కాక.”

“రెండోది?”

“ఆరు.”

“యాపచెట్ల దిక్కు ఆఖరుది?”

“అరవై దాటింది.”

“ఒద్దు. దాన్ని పశువులకెయ్యి.”

పంట తర్వాత పంట ఆ తేడా పెరుగుతూ పోయింది. మంచి వరుసలు ఇంకా మంచివవుతున్నాయి. అంకెలు అంత చక్కగా నడవడం నేను గనిలో ఎప్పుడూ చూడలేదు. నాకూ సంబరంగానే ఉండేది. చర్చిలో కోతకాలపు పండుగకు ఆయన ఆ ఎర్ర కంకులను కట్టగట్టి తొలిపంటగా తీసుకుపోయాడు. నన్ను కూడా రమ్మన్నాడు. పెట్టినవాటన్నిటినీ వేలం వేస్తారు. గుమ్మడికాయ పోయింది, కోడి పోయింది, బెల్లం ముద్ద పోయింది. ఎర్ర జొన్న కట్ట దగ్గర వేలంపాట ఆగింది. పెద్దమనిషి రెండుసార్లు ఎత్తి చూపించాడు. కాక నేల వైపు చూస్తున్నాడు. వెనక ఆడవాళ్ళలోంచి చిన్నమ్మ లేచింది.

“నాకియ్యుండ్రి. పిట్టలు ఒద్దన్నయి, మనుషులు ఒద్దన్నరు. ఇగ నేనే మిగిలిన.”

చర్చి అంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ కాక నవ్వాడు. ఆ నవ్వు ఇంటి దాకా ఆగలేదు.

ఆరు పంటలు ఇట్లా నడిచాయి. ఆరో పంటలో గింజ గట్టిపడే రోజుల్లో మా డ్రిల్లు మిషన్ మరమ్మతుకు పోయింది. వారం పాటు బ్లాస్టింగ్ లేదు. నాకు పని తక్కువగా ఉండి ఒక మధ్యాహ్నం చేనుకు వెళ్ళాను. గుట్ట వైపు వరుసల మీద, మా బంగారు వరుసల మీద, చిలుకలు వాలి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు. తీరిగ్గా తింటున్నాయి.

కాక స్టూలు మీదే ఉన్నాడు. “కొత్త పిట్టలున్నట్టున్నయి. రుచి తెల్వదు వాటికి,” అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. నాకు తెలిసిన లెక్క నా కళ్ళముందే ఉంది. రోజూ మధ్యాహ్నం మేము బండ పేలుస్తాం. ఆ చప్పుడుకు గుట్ట వైపు పిట్టలన్నీ లేచి అవతల వేపచెట్ల మీదికి పోతాయి. పొద్దుగూకే దాకా ఆ చెట్ల కిందే తింటాయి. చేనుకు దారి గుట్ట వైపు నుంచి. మంచి విత్తనం చేతిలో బలం ఉన్నప్పుడే వెయ్యాలని కాక ప్రతి ఏడూ ముందు అక్కడే విత్తేవాడు. కిందటేడు పిట్టలు వదిలినవి ఈ ఏడు మళ్ళీ పిట్టలు రాని చోటే మొలిచేవి. మళ్ళీ మిగిలేవి. నేను మళ్ళీ సగటు తీసేవాణ్ణి.

ఆ రోజు ఏమీ అనకుండా వచ్చేశాను. మర్నాడు ఉండబట్టలేక చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తంబాకు నలిపాడు కానీ నోట్లో వేసుకోలేదు.

“అంటే ఇది వగరుదా, వగరుది కాదా?”

“తెల్వదు కాక. కొంత ఉండొచ్చు. ఎంతన్నది ఈ అంకెలతోని చెప్పరాదు.”

“ఎట్ల తెలుస్తది?”

“వచ్చే పంటకు మార్చి ఎయ్యాలె. మంచివి యాపచెట్ల దిక్కు, చెడ్డవి గుట్ట దిక్కు. అప్పుడు పిట్టలు ఏది ఇడిసిపెడ్తయో చూడాలె.”

ఆయన ఒప్పుకున్నాడు. విత్తే రోజు మంచి విత్తనం మూట మొత్తం తెచ్చాడు. “ఒక్క పిడికెడన్న దాచు కాక,” అన్నాను. ఏ విత్తనపు మనిషైనా దాస్తాడు. కాక కూడా జీవితమంతా దాచినవాడే.

“దాస్తే పిట్టలు ఏం చెప్పినా నేను ఇనను బిడ్డా. దాసిందాన్ని పట్కొని మల్లొచ్చి గుట్ట దిక్కే ఏస్త. నన్ను నేను ఎరుగనా?”

నేను రెండోసారి అడగలేదు. వరుసలు ఎంత ఎక్కువుంటే లెక్క అంత గట్టిగా ఉంటుందన్న ఆశ నాకు లోపల ఉండింది. దాని గురించే ఇప్పుడు ఎక్కువ ఆలోచిస్తాను. నేను తప్పు చేశానని ఎవరూ అనలేదు. ఎన్నిసార్లు లెక్క వేసి చూసినా పరీక్ష సరైనదే. విత్తనం దాచమని చెప్పాను కూడా. అయినా నా మనసు తేలికపడదు. ఆయన ఆరేళ్ళు నమ్మిన అంకెలు నా నోటి నుంచి వచ్చినవి. పిట్టలను తరిమింది నేను కూరిన మందు. నమ్మకం తీసేసింది మళ్ళీ నేనే.

ఆ పంటలో వేపచెట్ల వైపు ఒక్క కంకి మీద గింజ మిగల్లేదు. ఊడ్చి ఊడ్చి అరిగిన చీపురు కట్టల్లా నిలబడ్డాయి. గుట్ట వైపు, పశువులకు వెయ్యమన్న జొన్న నిండుగా, ఒక్క గింజ పోకుండా ఊగుతోంది. కాక రెండు వైపులా నడిచి చూశాడు. ఒక బోడి కంకిని వంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“గిన్నేండ్లు నేను ఏరింది జొన్నను కాదు లెక్కలోడా,” అన్నాడు. “నీ సప్పుడును ఏరిన.”

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. బలంగా కాదు, ఆ ఎగుడుదిగుడు గట్ల మీద పడిపోకుండా పట్టుకున్నట్టు.

“మంచిగైంది. లేకుంటే దానికి ఉత్త జొన్ననే మందని చెప్పి పెడుదును. అది తిని గోలీలు బంద్ జేస్తుండె.”

అది నిజం. ఆ మాట నన్ను ఊరడించాలి. ఇప్పటికీ ఊరడించలేదు. మా చప్పుడుకు మిగిలినవాటిలో కొన్నయినా నిజంగా వగరువి ఉండవచ్చు. పిట్ట ఆకలిగా ఉంటే వగరు కూడా తింటుంది. అప్పుడు వాటిని పోగొట్టింది పరీక్షే. ఉండిందో లేదో తేల్చడానికి ఇప్పుడు గింజ లేదు. తేలని లెక్క నాకు అన్నిటికంటే బరువు.

కాక మళ్ళీ మొదలుపెట్టాడు. కాసిపేట అవతల ఒక రైతు గట్ల మీద వేసుకునే పాత ఎర్రజొన్న తెచ్చాడు. పొద్దున్నే మంచు ఆరకముందే స్టూలు వేసుకుని, ఎర్రజొన్న పుప్పొడి పట్టించడానికి తెల్లజొన్న పువ్వులోంచి దాని సొంత పుప్పొడి తిత్తులను దవాఖానలో వాడే చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే లాగేవాడు. చెయ్యి వణికితే ఆపి, మోకాలికి ఆనించుకుని, మళ్ళీ లాగేవాడు. నేను వెళితే అంకెలు అడగలేదు. ఎన్నాళ్ళు పడుతుందనీ అడగలేదు. నా సంగతి తెలుసు కాబట్టి అడగలేదని నా అనుమానం. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి.

మూడో పంట నాటికి ఆ కలయికలో రెండో తరం నిలబడింది. ఆ తరంలో ఏ మొక్క గుణం ఆ మొక్కదే. ఏరడం మొదలయ్యేది అక్కడే. ఈసారి పిట్టలకు ఇవ్వనని ప్రతి కంకికీ కాగితం సంచి తొడిగాడు. గింజలో పాలు గట్టిపడే వారంలో, ఒక పొద్దున చాయ్ తాగుతూ గుండె ఆగి పోయాడు.

పోయిన ఆదివారం చిన్నమ్మ కబురు చేసింది, కంకులు కోతకొచ్చాయని. ఇద్దరం ఆటోలో వెళ్ళాం. ఆమె కాలికి మళ్ళీ కట్టు ఉంది, ఈసారి మడమ దగ్గర. గట్టు మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టాను. చేను నిండా కాగితం సంచులు ముసుగేసుకున్న మనుషుల్లా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటే కోసి, సంచి విప్పి, ముందు పెట్టాను. ఎర్రవి, తెల్లవి, గులాబి రంగువి, ఇటుక రంగువి. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నాకు తెలియదు. తీసెయ్యడానికి నా చెయ్యి రావడం లేదు.

“అన్నీ ఉంచుదాం చిన్నమ్మా,” అన్నాను.

“అన్నీ ఉంచేటిదానికి ఆయన ఇన్నేండ్లు కష్టపడ్డడా? ఇటియ్యి.”

రెండు గింజలు నలిపి నోట్లో వేసుకుంది. పళ్ళు కొన్నే ఉన్నాయి, మెల్లగా నమిలింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఈ జొన్న తినాల్సిన మనిషి చేత మేము ఒక్క గింజ నమిలించలేదు.

“ఇది తియ్యగున్నది. పక్కకెయ్యి,” అంది. తర్వాతది నమిలి ముఖం ముడిచింది. “ఇది నోరు పట్టేస్తున్నది. రొట్టె చేస్తే పిట్టనే కాదు, దయ్యం గుడ తినది.” మూడోది చాలాసేపు నోట్లో ఉంచుకుంది. నాలుకతో అంగిలి తడిమినట్టు పెదవులు కదిలాయి. “ఇది ఉండనియ్యి. నాలుక ఎండుతున్నది, అయినా మల్ల నమలాలె అనిపిస్తున్నది.”

ఒక్క నాలుక చెప్పింది కొలత కాదని నాకు తెలుసు. ఆ కంకికి ఎర్ర దారం కట్టి పెట్టాను. దారం కట్టినవి చాలా కొద్దిగా అయ్యాయి. ఎండ ఎక్కుతోంది. ఆమె నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, గుట్ట వైపు చూస్తూ అడిగింది.

“ఏడాదికొక్క పంట గద. వీటిని ఇట్ల ఏరుకుంట పోతే, రంగు మారకుంట, రుచి మారకుంట, ఇగ గిదే నా జొన్న అనేటట్టు ఎన్ని పంటలకు నిలబడ్తది? నువ్వు లెక్కలోనివి గద, చెప్పు.”

నాకు తెలుసు. ఆరు. ఏదైనా తేడా వస్తే ఏడు. ఆమెకు డెబ్బై దాటాయి. మడమ కట్టు మీద ఒక ఈగ వాలితే చేత్తో తోలింది. కాకకు నేను ఏ అంకెనూ తగ్గించి చెప్పలేదు.

“నాలుగు,” అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. నేను సంచి ముడి విప్పుతున్నట్టు తల వంచుకున్నాను.

“నాలుగేనా? నాలుగైతే ఉంట తియ్యి,” అంది. కాలు నీడలోకి జరుపుకుని, ఇంకో కంకి కోసం చెయ్యి చాపింది.